గెయిను వేరు, వాల్యూము వేరు

ప్రతి ఏడూ మన సావనీరులో కవితలుంటాయి, కథలుంటాయి, దేశం ఎటు పోతున్నదో చెప్పే వ్యాసాలుంటాయి. వాటి మధ్య కారులో పాటల పెట్టె గురించి వ్యాసమేమిటని మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. "నీకు బాగా తెలిసినదేదో రాయవయ్యా" అన్నారు సంపాదకులు. బాగా తెలిసినదేమిటా అని ఆలోచిస్తే, నేను బాగా చెడగొట్టినదే ముందు గుర్తుకొచ్చింది. ఎలక్ట్రానిక్సులో ఎం.ఎస్సీ. చదువుతూ, ఆ చదువు తలకెక్కించుకుని, మా అన్నయ్య కారులో నాలుగు స్పీకర్లు తగలబెట్టిన ఘనుణ్ణి నేను. ఎలా తగలబెట్టానో చెబితే ఇంకొకరైనా ఆ పని చేయకుండా ఉంటారని ఈ ప్రయత్నం.

మా పెదనాన్నగారి అబ్బాయి తెనాలిలో టాక్సీ నడుపుతాడు. ఏడుగురు కూర్చునే బండి. దూరప్రయాణాలకు వచ్చేవాళ్లు "పాటలు బాగా వినపడతాయా?" అని అడిగి మరీ బండి మాట్లాడుకుంటున్నారని, అప్పు చేసి ఒక కొత్త సెట్టు, నాలుగు ఛానళ్ల ఆంప్లిఫయరు, నాలుగు స్పీకర్లు, ముందు తలుపులకు రెండు ట్వీటర్లు పెట్టించాడు. సెలవులకు వెళ్లినప్పుడు నాకు చూపించి, "ఇంత డబ్బు పోశానా, మోత చాలటం లేదురా, నువ్వు చదివేది ఇదేగా, కాస్త చూడు" అన్నాడు. నేను చూశాను. ఆంప్లిఫయరు పక్కన గెయిను అని రాసి ఒక చిన్న మర ఉంది. స్క్రూడ్రైవరుతో దాన్ని చివరిదాకా తిప్పేశాను. వాల్యూము పావువంతు పెట్టగానే కారు అదిరిపోయింది. అన్నయ్య నా భుజం తట్టాడు. ఆ రోజు నా అంత ఇంజనీరు గుంటూరు జిల్లాలో లేడనుకున్నాను.

మర్నాడు పెద్దమ్మ మొక్కు తీర్చుకోవటానికి అందరం శ్రీశైలం బయలుదేరాం. నరసరావుపేట దాటేవరకు ఉత్సాహంగానే ఉంది. వినుకొండ దాటాక పాటలో ఏదో తగ్గినట్లనిపించింది. తాళాలు, గజ్జెలు, వయొలిన్ల మెరుపు వినపడటం లేదు. ట్వీటర్లు రెండూ మూగబోయాయి. "అయితే ఇంకాస్త పెంచు" అన్నాను నేను. దోర్నాల చేరేసరికి వెనక తలుపు దగ్గర వార్నిషు మాడిన వాసన. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒక మలుపులో ఎదురుగా దిగుతున్న బస్సు హారను కొడుతూనే ఉన్నదట. మాకెవరికీ వినపడలేదు. పెద్దమ్మ బస్సును చూసి కేక వేస్తే అన్నయ్య బండి పక్కకు తీశాడు. కొండ మీదికి చేరాక లెక్క చూసుకుంటే ట్వీటర్లు రెండు, వెనక స్పీకర్లు రెండు పోయాయి. అన్నయ్య నన్ను తిట్టలేదు. "ఇంతకీ నువ్వు చదివేది దేని గురించిరా?" అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

కుండ, చెంబు, గ్లాసు

తెనాలిలో ఒక ముసలి రేడియో మేస్త్రీగారున్నారు. ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసిన చెయ్యి. ఇప్పుడు కారు సెట్లు చూస్తారు. మాడిన స్పీకర్లు ఆయన ముందు పెట్టగానే వాసన చూసి, "గెయిను మొత్తం తిప్పారా బాబూ?" అన్నారు. తిప్పానన్నాను. ఆయన చెప్పిన మాట ఇది: "కుండ ఎంత ఉంటే అంతే పడుతుంది. గెయిను తిప్పితే కుండ పెరగదు. చెంబుడు పోస్తే నిండాలా, గ్లాసుడు పోస్తేనే నిండాలా అని మీరు దానికి చెప్పే మాట అది. గ్లాసుకే నిండేటట్టు పెట్టి, పైనుంచి చెంబుతో పోస్తూపోతే నేలంతా తడవదూ?"

మన పాఠ్యపుస్తకాల భాషలో దీన్నే ఇన్‌పుట్ సెన్సిటివిటీ అంటారు. కారు సెట్టు నుంచి ఆంప్లిఫయరుకు ఒక చిన్న సంకేతం వస్తుంది. కొన్ని సెట్లలో అది ఎక్కువలో ఎక్కువ 2 వోల్టులు, కొన్నిటిలో 4 వోల్టులు. ఎంత సంకేతం వస్తే తన పూర్తి శక్తినంతా బయటపెట్టాలో ఆంప్లిఫయరుకు చెప్పేదే గెయిను మర. అన్నయ్య ఆంప్లిఫయరులో ఆ మర ఒక కొసన 6 వోల్టులు, మరో కొసన 0.2 వోల్టులు అని ఉంది. నేను 0.2 వైపుకు తిప్పాను. అంటే వోల్టులో అయిదోవంతు రాగానే ఆంప్లిఫయరు తన శక్తినంతా ఖర్చు పెట్టేసుకుంటుంది. సెట్టేమో 4 వోల్టుల దాకా ఇవ్వగలదు. వాల్యూము సగానికి చేరేలోపే కుండ నిండిపోయింది. ఆపైన తిప్పిందంతా కుండ మీదుగా పొర్లినదే.

కాబట్టి వాల్యూము మనం వినేటప్పుడు పెంచి తగ్గించుకునేది. గెయిను మాత్రం ఈ సెట్టుకూ ఈ ఆంప్లిఫయరుకూ ఒకసారి పొత్తు కుదిర్చి, ఆ తరువాత ముట్టుకోకుండా వదిలేయవలసినది. "గెయిను పెంచితే మోత పెరిగిందిగా?" అంటే, పెరిగింది నిజమే. కానీ వాల్యూము మరికొంత తిప్పితే వచ్చే మోతనే ముందుగా తెచ్చుకున్నాం. కొత్తగా ఒక్క వాటు కూడా పుట్టలేదు. పైగా గెయిను అనవసరంగా పెంచితే పాటతో పాటు లోపలి రొద కూడా పెరుగుతుంది. పాట ఆపినా స్పీకర్లలో సుయ్‌మనే శబ్దం ఉండటానికి ఒక ముఖ్యకారణం ఇదే. ఇంజను వేగం పెంచినప్పుడల్లా కీచుమని పెరిగే శబ్దం వేరు. అది ఆల్టర్నేటరు నుంచి, తరచు ఎర్త్ సరిగా లేక వచ్చేది. గెయిను ఎక్కువైతే అదీ మరింత బిగ్గరగా వినపడుతుంది.

శిఖరాలు తెగిన తరంగం

సెలవులయ్యాక అన్నయ్య సెట్టు, ఆంప్లిఫయరు, ఒక పాత బ్యాటరీ మూటకట్టుకుని మన లాబొరేటరీకి తెచ్చాను. మా సారు అనుమతిస్తే, అటెండరుగారు సాయం చేస్తే, సి.ఆర్.ఓ. ముందు పెట్టి చూశాం. ఒకే శృతిలో సాగే సైన్ తరంగం ఒకటి ఫోనులోంచి పంపించాం. గెయిను తక్కువలో ఉన్నప్పుడు తెర మీద గుండ్రని నున్నటి కొండలు, లోయలు. గెయిను పెంచుతున్నకొద్దీ కొండలు ఎత్తు పెరిగాయి. ఒక చోటికి వచ్చాక ఇక ఎత్తు పెరగలేదు. కొండల తలలు ఎవరో కత్తిపీటతో కోసేసినట్లు చదునయ్యాయి. ఇంకా పెంచితే కొండలు కాస్తా పెట్టెలయ్యాయి. దీన్నే క్లిప్పింగు అంటారు. ఆంప్లిఫయరు లోపల ఉన్న విద్యుత్తు ఎంతో దాన్ని మించి బయటికి ఇవ్వలేదు. ఇమ్మని మనం అడుగుతూనే ఉంటే, ఇవ్వగలిగినంత ఎత్తుకు వచ్చి అక్కడే నిలబడిపోతుంది.

అయితే స్పీకరెందుకు మాడాలి? ఇక్కడే నాకు సిగ్గు వేసింది. ఎందుకంటే జవాబు రెండేళ్ల క్రితమే పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. 50 వాట్ల ఆంప్లిఫయరు 4 ఓముల స్పీకరుకు ఇచ్చే సైన్ తరంగం శిఖరం 20 వోల్టులు. అదే 20 వోల్టుల ఎత్తులో తరంగం పూర్తిగా చతురస్రాకారమైతే లెక్క ఏమవుతుంది? 20ని వర్గం చేసి 4తో భాగిస్తే 100 వాట్లు. అంటే 50 వాట్లదని మనం నమ్మిన ఆంప్లిఫయరు, సిద్ధాంతరీత్యా, స్పీకరులోకి 100 వాట్ల దాకా కుక్కవచ్చు. ఆ శక్తిలో శబ్దంగా మారేది స్వల్పం. మిగిలినదంతా జూలు సూత్రం ప్రకారం కాయిలులో వేడి అవుతుంది. మామూలు పాటలో శిఖరాలు 50 వాట్లను తాకినా సగటు అందులో పదోవంతో, అంతకంటే తక్కువో ఉంటుంది. అందుకే స్పీకర్లు బతికి బట్టకడుతున్నాయి. శిఖరాలు కోసి పాటంతటినీ పైకి నెడితే సగటు పెరిగిపోతుంది, కాయిలుకు చల్లబడే వ్యవధి ఉండదు.

మరి ట్వీటర్లే ముందు ఎందుకు పోయాయి? ఫోరియరును గుర్తుచేసుకోండి. చతురస్ర తరంగమంటే మూల తరంగానికి మూడింతలు, అయిదింతలు, ఏడింతల పౌనఃపున్యాలు కలిసినది. గాయకుడు పాడుతున్నది 1000 హెర్ట్జుల దగ్గరైనా, శిఖరాలు తెగితే 3000, 5000, 7000 హెర్ట్జుల దగ్గర పాటలో లేని శబ్దాలు పుడతాయి. క్రాసోవరు వాటిలో పైవాటిని బుద్ధిగా ట్వీటరుకే పంపిస్తుంది. దీనికి తోడు, మద్దెల మోత ఆంప్లిఫయరు హద్దును తాకి ఆగిపోయినా, సన్నని తాళాల శబ్దం ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ట్వీటరు కాయిలేమో వెంట్రుకలాంటి తీగ. దాని వాటా ఎప్పుడూ కొద్ది వాట్లే అన్న నమ్మకంతో చుట్టినది. ఆ నమ్మకాన్ని నేను వినుకొండ దగ్గర వమ్ము చేశాను.

"తక్కువ వాట్ల ఆంప్లిఫయరు పెడితే స్పీకర్లు కాలిపోతాయి" అని కొట్లలో ఒక మాట చెబుతుంటారు. అందులో సగమే నిజం. తక్కువ వాట్లు స్పీకరును ఏమీ చేయవు. తక్కువ వాట్ల ఆంప్లిఫయరు నుంచి ఎక్కువ మోత పిండాలని చూసే మన ఆత్రమే స్పీకరును కాలుస్తుంది.

డబ్బా మీద అంకెలు

ఈ సందర్భంలో మరొక సంగతి. ఆంప్లిఫయరు విడిగా లేని కారు సెట్ల డబ్బాల మీద "50 వాట్లు × 4" అని అచ్చు వేసి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ 50 ఎక్కడిదో చూడండి. ఇంజను తిరుగుతున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. దాన్ని వర్గం చేసి 4 ఓములతో భాగిస్తే దాదాపు 52 వాట్లు. అంటే పూర్తిగా చతురస్రమైపోయిన తరంగానికి వచ్చే లెక్క అది. శిఖరాలు తెగని తరంగానికి అందులో సగం, 26 వాట్లు. లోపలి నష్టాలు పోగా చేతికి దక్కేది సుమారు 20 వాట్లు. అంకె అబద్ధం కాదు గాని, ఆ అంకె చేరేసరికి పాట పాటగా మిగలదు. కొనేటప్పుడు ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్ని అని అడగండి.

సరిచేసే పద్ధతి

ఇక అసలు పని. కావలసినవి ఒక మామూలు మల్టీమీటరు, ఒక చిన్న స్క్రూడ్రైవరు, పూర్తి స్థాయిలో, అంటే 0 డెసిబెల్సు దగ్గర, రికార్డు చేసిన 50 హెర్ట్జుల సైన్ తరంగం. 50 హెర్ట్జులే ఎందుకంటే చవక మీటర్లు మన ఇంటి కరెంటు పౌనఃపున్యం దగ్గర సరిగ్గా చూపిస్తాయి, పైకి పోయేకొద్దీ తప్పవచ్చు.

మొదట లెక్క వేసుకోండి. స్పీకరు ఆర్.ఎం.ఎస్. వాట్లు, ఆంప్లిఫయరు ఆర్.ఎం.ఎస్. వాట్లు, రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకోండి. దాన్ని స్పీకరు ఓములతో గుణించి వర్గమూలం కట్టండి. మా బండికి 50ని 4తో గుణిస్తే 200, వర్గమూలం 14.1 వోల్టులు. 75 వాట్లయితే 17.3, 100 వాట్లయితే 20 వోల్టులు.

తరువాత సెట్టులో బాసు, ట్రెబులు రెండూ సున్నా దగ్గర పెట్టండి. లౌడ్‌నెస్ ఆపండి. ఆంప్లిఫయరు మీద బాస్ బూస్టు ఉంటే సున్నా చేయండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 12 డెసిబెల్సు బూస్టు అంటే ఆ పౌనఃపున్యం దగ్గర దాదాపు 16 రెట్లు శక్తి అడుగుతున్నామన్నమాట. ఫిల్టర్లను ఈ కాసేపు ఆపి ఉంచండి, లేకపోతే అవి 50 హెర్ట్జులనే మింగేస్తాయి. గెయిను మరను పూర్తిగా తగ్గించండి. ఆంప్లిఫయరు నుంచి స్పీకరు తీగలు తప్పనిసరిగా ఊడదీయండి. ఆ తీగలు ఒకదానికొకటి తగలకూడదు. బండిని ఆరుబయట పెట్టి ఇంజను నడవనివ్వండి. మూసిన షెడ్డులో వద్దు, పొగ ప్రాణాంతకం.

ఇప్పుడు తరంగం మోగిస్తూ సెట్టు వాల్యూమును దాని శుభ్రమైన హద్దు దాకా పెంచండి. సెట్టు కూడా తన హద్దు మీరితే శిఖరాలు కోస్తుంది. అన్నయ్య సెట్టులో వాల్యూము 40 దాకా ఉంది. సి.ఆర్.ఓ. మీద చూస్తే 32 వరకు తరంగం నున్నగా ఉంది, 33 నుంచి తలలు చదునవుతున్నాయి. సి.ఆర్.ఓ. అందరికీ దొరకదు కనుక, మొత్తంలో మూడువంతులు శుభ్రమైన హద్దుగా తీసుకుంటే సాధారణంగా ప్రమాదం ఉండదు. ఫోనును బ్లూటూతు మీద కలిపితే ఫోను వాల్యూము పూర్తిగా పెట్టి, అందులోని ఈక్వలైజరు ఆపడం మరవకండి.

మీటరును ఏ.సి. వోల్టుల మీద పెట్టి, దాని ముల్లులను ఆంప్లిఫయరు స్పీకరు టెర్మినళ్లకు ఆనించి, గెయిను మరను మెల్లిగా తిప్పండి. లెక్కలో వచ్చిన వోల్టు కనపడగానే ఆపండి. మా విషయంలో 14.1. మర పావువంతు కూడా తిరగలేదు. నేను దాన్ని చివరిదాకా తిప్పానన్నది గుర్తుంచుకోండి. మిగతా ఛానళ్లకూ ఇలాగే చేసి, వాల్యూము సున్నాకు తెచ్చి, తరంగం ఆపి, ఫిల్టర్లను మళ్లీ యథాస్థానంలో పెట్టి, అప్పుడు స్పీకర్లు తగిలించండి. ఆ తరంగాన్ని స్పీకర్లలోకి మాత్రం పంపకండి. పాటకు ఊపిరి తీసుకునే జాగా ఉంటుంది, ఆ తరంగానికి ఉండదు.

ఒక హెచ్చరిక. మీటరు వోల్టులు చెబుతుంది గాని తరంగం తల తెగిందో లేదో చెప్పదు. డబ్బా మీద రాసిన వాట్లు ఆంప్లిఫయరు నిజంగా ఇవ్వలేకపోతే మీటరు చూస్తూ మనమే క్లిప్పింగులోకి వెళ్తాం. అనుమానముంటే వోల్టు కాస్త తక్కువ దగ్గరే ఆపండి. 14.1 బదులు 12 దగ్గర ఆపితే పోయేది దాదాపు 1.4 డెసిబెల్సు, చెవికి అంతగా తెలియదు.

మీటరు కూడా లేనివారు చెవితో చేసుకోవచ్చు. గెయిను పూర్తిగా తగ్గించి, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టి, వాల్యూము మూడువంతులు చేయండి. గెయిను మెల్లిగా పెంచండి. గాయకుడి గొంతు గరగరలాడినా, మద్దెల దెబ్బ "ధిం" అనకుండా "ఠప్పు" అన్నా అక్కడ ఆగి, కొద్దిగా వెనక్కి తిప్పండి. పాట మాత్రం ఇటీవలిదై, బిగ్గరగా రికార్డు చేసినదై ఉండాలి. పాత రికార్డుల నుంచి ఎక్కించిన పాటలు తరచు తక్కువ స్థాయిలో ఉంటాయి. ఘంటసాలవారి పాటతో గెయిను సరిచేసి, తరువాత ఈ ఏటి సినిమా పాట పెడితే మళ్లీ నా కథే.

చెవి సంగతి

స్పీకర్లు పోతే డబ్బు పెట్టి కొన్నాం. ఆ రోజు శ్రీశైలంలో దిగాక అన్నయ్య "చెవిలో కీచురాయి కూస్తోందిరా" అన్నాడు. రెండు రోజులు కూసింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలుంటాయి. అవి ఒకసారి చస్తే మనిషికి మళ్లీ మొలవవు. ఆ కాయిలును తిరిగి చుట్టే మేస్త్రీ లేడు.

అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే ప్రభుత్వ సంస్థ 1998లో ఇచ్చిన లెక్క ప్రకారం 85 డెసిబెల్సు మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్సుకు గడువు సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. ఇది ఫ్యాక్టరీల కోసం వేసిన లెక్కే గాని చెవికి యంత్రం మోత, పాట మోత అన్న భేదం లేదు. అద్దాలు బిగించిన కారులో ఆంప్లిఫయరు పెట్టి 100 దాటించటం ఏమంత కష్టం కాదు. టాక్సీ నడిపేవాడు రోజంతా అందులోనే కూర్చుంటాడు. ప్రయాణీకులు దిగిపోతారు, అతను దిగడు.

ఇంకొక చిత్రం. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతల మోత అనిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. కాబట్టి మోత చాలనప్పుడు గెయిను తిప్పటం దండగమారి పని. తలుపు రేకులు అదరకుండా బిగించటం, స్పీకరు చుట్టూ సందులు మూయటం, తీగలు సరైన లావు వేయటం, వీటితోనే పాట తేటపడుతుంది. పాట తేటగా ఉంటే తక్కువ వాల్యూములోనూ మాట మాటా వినపడుతుంది. మోత చాలటం లేదని మొదట అన్నయ్య అన్నప్పుడు నేను చూడవలసింది ఇవీ.

కొత్త ట్వీటర్లు, వెనక స్పీకర్లు వచ్చాక నేనే దగ్గరుండి గెయిను సరిచేశాను. వాటి ఖరీదు నా స్కాలర్‌షిప్పులోంచి కొంత, అన్నయ్య జేబులోంచి మిగతాది. పాట పెట్టగానే అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ముందుకంటే మోత తక్కువే గాని, వీణ వినపడుతోందిరా" అన్నాడు. ఇప్పుడు సెట్టు పక్కన ఆయన చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది: "32 దాటిస్తే బండి దిగి నడవవలెను." ప్రయాణీకులు నవ్వుకుంటారట. నవ్వుకున్నా ఎవరూ దాటించటం లేదట.

సూత్రాలు మార్కుల కోసం చదివినన్నాళ్లూ నాకవి కాగితం మీది గీతలే. ఫోరియరు, ఓము, జూలు ముగ్గురూ వినుకొండ రోడ్డు మీద ఒకేసారి ఎదురుపడి పాఠం చెప్పారు. మీకు ఆ ఖర్చు లేకుండా ఆ పాఠం అందాలని రాశాను. సి.ఆర్.ఓ. ముట్టుకోనిచ్చిన మా సారుకు, అటెండరుగారికి, కుండ సంగతి చెప్పిన మేస్త్రీగారికి నమస్కారాలు. మీ ఇంట్లోనో, మీ స్నేహితుడి బండిలోనో గెయిను మర చివరిదాకా తిరిగి ఉంటే ఈ ఆదివారమే ఒక స్క్రూడ్రైవరు, మీటరు పట్టుకుని వెళ్లండి.